బుచ్చయ్య గురక

ఒక పెద్ద అడవిలో, పులులు తగ్గిపోయి స్టార్లు పెరిగిపోయిన రోజుల్లో, ఒకే ఒక్క సినిమా హాలు ఉండేది.

అడవిలో సినిమా ఎలా ఆడుతుందని నన్నడక్కండి. మీ ఊరి సినిమాల్లో హీరో ఒక్క తన్ను తంతే ఆరు జీపులు గాల్లోకి ఎలా లేస్తాయని మీరెప్పుడైనా అడిగారా? నోరు మూసుకుని చూశారు కదా! ఇదీ అలాగే చదవండి.

హాలు పేరు గుహ టాకీస్. కొండ అడుగున పెద్ద గుహ, అందులో వరసలుగా బండలు. యజమాని గజపతి అనే ఏనుగు. ఏ సినిమా ఉండాలో ఏది పోవాలో ఆయన ఇష్టం. అయితే గజపతి తన జన్మలో ఒక్క సినిమా కూడా చూడలేదు. ఆయన పట్టేంత తలుపు ఆ హాలుకి లేదు. అందుకని బయటే నిలబడి క్యూని చూసి తీర్పు చెప్పేవాడు. క్యూ ఉంటే సినిమా ఉంటుంది, క్యూ పోతే సినిమా పోతుంది.

మరి ఆ క్యూ దేన్ని నమ్మి నిలబడేది?

సమీక్షకులు లేక కాదు. నెమలి ఒకాయన ఉండేవాడు. ఐదు ఈకలకి గాను ఏ సినిమాకైనా రెండు ముప్పావు ఈకలు ఇచ్చేవాడు. మూడిస్తే చదివేవాళ్ళు నమ్మరు, రెండున్నర ఇస్తే తీసినవాళ్ళు భోజనానికి పిలవరు. "కెమెరా పనితనం బాగుంది, భావోద్వేగాలు ఇంకాస్త పండాల్సింది, ఒకసారి చూడొచ్చు" అని రాసేవాడు. ఏళ్ళ తరబడి అదే వాక్యం, పైన పేరొక్కటే మార్చేవాడు.

గేటు దగ్గర మైకు పట్టుకుని పంకజం అనే చిలక ఉండేది. మొదటాట నుంచి బయటికొచ్చిన ప్రతివాడి ముక్కు కిందా మైకు పెట్టి "ఎలా ఉందండీ?" అని అడిగేది. మొదటాటకి వచ్చేవాళ్ళంతా హీరోగారి మేనమామలూ పెదనాన్న కొడుకులూ. వాళ్ళు సినిమా మొదలవకముందే అరవడానికి గొంతు సవరించుకునేవాళ్ళు. అందుచేత పంకజాన్ని అందరూ చూసేవాళ్ళు, ఎవరూ నమ్మేవాళ్ళు కాదు.

అడవి నమ్మింది ఒక్కదాన్నే. బుచ్చయ్య గురకని.

బుచ్చయ్య ఒక ఎలుగుబంటి. ఇప్పపూల గోదాములో పని. అతనికి సినిమా పిచ్చేమీ లేదు. హీరో ఎవరో, తీసిందెవరో పట్టించుకోడు. ఇంట్లో నలుగురు పిల్లలు, గోదాములో నలభై కోతులు, తెల్లారింది మొదలు "బుచ్చయ్యా బుచ్చయ్యా" అని పిలుస్తూనే ఉంటారు. రెండున్నర గంటలపాటు ఎవరూ పేరు పెట్టి పిలవని చోటు అడవి మొత్తంలో ఆ హాలొక్కటే. అందుకని ప్రతి శుక్రవారం మధ్యాహ్నం సెలవు పెట్టి మొదటాటకి వచ్చేవాడు. చివరి వరసలో గోడవారగా ఉన్న బండ మీద కూర్చునేవాడు.

ఆ బండ వెనక గోడకి ఒక కంత ఉంది. కంతకి అవతలే రెండో ఆట క్యూ. లోపల బుచ్చయ్య నిద్రపోతే ఆ గురక కంతలోంచి క్యూ మొత్తానికి వినబడేది.

ఎవడు మొదలుపెట్టాడో గానీ, అదే ఆ అడవికి కొలత అయిపోయింది. పేర్లు పడుతుండగానే గురక వస్తే సినిమా పోయినట్టు. విశ్రాంతి తరవాత వస్తే పర్లేదన్నట్టు. ఆఖరిదాకా రాకపోతే హిట్టు. కంత దగ్గర ఒక కుందేలు చెవి ఆనించి నిలబడేది. "మొదలైందిరోయ్!" అని అది అరిచిందంటే క్యూ మొత్తం తిట్టుకుంటూ ఇళ్ళకి పోయేది.

ఈ సంగతి బుచ్చయ్యకి తెలీదు. ఆట కాగానే పక్క తలుపులోంచి ఇంటికి నడిచేవాడు. అడవంతా అతని ముక్కు విన్నది. అతని నోరు విన్నది మాత్రం భార్య నాగరత్నం ఒక్కతే, అదీ దుంపలు ఉడకేస్తూ సగం సగం.

ఆ మధ్య వరసగా చూసిన మూడు సినిమాల గురించి ఒకరోజు ఆమెకిలా చెప్పాడు.

"చిరుతపులి సినిమా చూశానే, ‘ఒక్క పంజా దెబ్బ’ అని. పేరుకి ఒక్క దెబ్బ, రెండు గంటలసేపు కొడుతూనే ఉన్నాడు. హాలంతా దుమ్మే. హీరోయిన్ జింకపిల్ల. పాట మొదలవగానే వచ్చేది, పాటవగానే పోయేది. ఆ పిల్లకి ఇల్లూ వాకిలీ ఉందా, తిండి తిన్నదా లేదా అన్నది ఎవడూ చెప్పలేదు. నాకదే బెంగ పట్టుకుంది."

"కాస్త నిద్రన్నా పట్టిందా?"

"ఎక్కడే! ఒక్క కునుకు లేదు. ఆ తరవాత పడింది గబ్బిలాల సినిమా, ‘తలకిందుల దెయ్యం’. భయపెట్టి నవ్విస్తామన్నారు. భయపెట్టాల్సినవాడు నవ్వించేవాడి కోసం, నవ్వించాల్సినవాడు భయపెట్టేవాడి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. ఆఖరిదాకా పళ్ళు కొరుక్కుంటూ మేలుకునే ఉన్నా."

నాగరత్నం పొయ్యి ఊదుతూ "ఊఁ" అంది.

"మొన్నటిది మాత్రం బంగారం. ఎవరో గిజిగాడు తీశాడట, ‘పోచ’ అని. గాలివానకి గూడు పోగొట్టుకున్న ముసలి పిట్ట మళ్ళీ గూడు అల్లుకుంటుంది. అంతే కథ. కొట్టుకోవడాల్లేవు. పాట కూడా ఒక్కటే, అదీ అల్లుకుంటూ తీసే కూనిరాగం. రెండో పోచ అల్లేసరికి నాకు మా అమ్మ గుర్తొచ్చింది. చిన్నప్పుడు పక్కలో వేసుకుని వీపు నిమిరేదే, అచ్చం అలా ఉంది. ఎప్పుడు పట్టేసిందో, మళ్ళీ దీపాలు వెలిగేదాకా ఒళ్ళు తెలీలేదు. ఎంత బాగుందో!"

"నిద్రపోయి బాగుందంటావేంటయ్యా?"

"నచ్చింది కాబట్టే పట్టిందే! చిరాకేస్తే ఎవడికన్నా నిద్ర పడుతుందా?"

నాగరత్నం అతన్ని ఎగాదిగా చూసి, దుంపలు దించింది. ఆ మాట ఆ గుమ్మం దాటలేదు.

గుమ్మం బయట మాత్రం జరగాల్సింది జరిగిపోయింది. బుచ్చయ్య చిరాకుతో మేలుకున్న చిరుతపులి సినిమా ఎనిమిది వారాలు ఆడింది. గబ్బిలాలు రెండో భాగం ప్రకటించాయి. బుచ్చయ్య హాయిగా నిద్రపోయిన ‘పోచ’ని విశ్రాంతి గంట కొట్టకముందే క్యూ వదిలేసింది. సాయంత్రానికి గజపతి పోస్టరు పీకించేశాడు.

ఆ సినిమా తీసిన గిజిగాడి పేరు సన్యాసి. మూడేళ్ళు తీశాడు. సినిమాలో గూడు అల్లడానికి పోచలు చాలకపోతే సొంత గూడు విప్పి ఆ పోచలు వాడాడు. గూడు అల్లవయ్యా అంటే గూడు మీద సినిమా తీశావా అని అతని భార్య చిట్టెమ్మ పుట్టింటికి పోయింది. ఇప్పుడు సినిమా లేదు, గూడు లేదు, చిట్టెమ్మ లేదు. గుహ చూరులో తల దాచుకుంటూ రోజూ గజపతి కాళ్ళ దగ్గర నిలబడేవాడు.

"అయ్యగారూ, ఇంకొక్క అవకాశం ఇప్పించండి. ఒక్కసారి కూర్చుని చూస్తే జనానికి నచ్చుతుందండీ."

"జనం కూర్చోవాలి కదయ్యా!" అన్నాడు గజపతి. ఆయన చెడ్డవాడు కాదు, పెద్దవాడు, అంతే. "చూడు సన్యాసీ, ఈ శుక్రవారం రాజుగారి అబ్బాయి సినిమా పడుతోంది. అది వారంలో పోతే నీది మళ్ళీ వేస్తాను. నిలబడిందా, వానలదాకా అదే. వానలొస్తే గుహలోకి నీళ్ళొస్తాయి, హాలు మూత. ఆ తరవాత నీ రీలు చెదలకి తప్ప ఎందుకూ పనికిరాదు."

సన్యాసి చూరులోకి ఎగిరిపోయాడు.

రాజుగారి అబ్బాయి సినిమా పేరు ‘జూలు విదిలిస్తే’. తీసింది జంబులింగం అనే నక్క. హీరో కేసరిబాబుకి ‘జూలు స్టార్’ అని బిరుదు కూడా ఇచ్చారు. బిరుదు వచ్చింది గానీ జూలు ఇంకా రాలేదు. కుర్రాడికి మెడ మీద నాలుగు వెంట్రుకలు మొలిచాయి, మిగతాదంతా కొబ్బరి పీచు.

విడుదలకి ముందు పెద్ద వేడుక చేశారు. మాట్లాడిన ప్రతివాడూ బాబు కష్టం చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అరికాల్లో ముల్లు గుచ్చుకున్నా బాబు షూటింగ్ ఆపలేదని ఒకరు చెబితే, ఆ ముల్లు తానే తీశానని ఇంకొకరు చెప్పారు. సినిమాలో ఏముందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

జంబులింగానికి ఒక్కటే దిగులు. తన మనుషులిద్దర్ని, ఒక కాకినీ ఒక తోడేలునీ, కూర్చోబెట్టుకున్నాడు.

"నెమలికి భోజనం పంపాం. పంకజానికి జామపళ్ళు పంపాం. ఆ ఎలుగుబంటి ముక్కుని ఏం చేద్దాం?"

"లోపలికి రానివ్వకుండా ఉంటే సరి" అన్నాడు తోడేలు.

"టికెట్ కొన్నవాణ్ణి ఆపకూడదని రాజుగారి శాసనం. ఆయన కొడుకు సినిమాకే ఆయన శాసనం తప్పమంటావా?"

"కంత మూసేద్దామండీ" అంది కాకి.

"కంత మూశారన్న మాట గురకకన్నా గట్టిగా వినబడుతుంది. అసలు నిద్ర పట్టకుండా చెయ్యాలి." జంబులింగం మీసం దువ్వుకున్నాడు. "ఎర్రచీమల్ని పిలవండి."

ఎర్రచీమలకి అప్పటికే అఖిలారణ్య కేసరిబాబు అభిమాన సంఘం ఉంది. అధ్యక్షుడు ఛాతీ విరుచుకుని వచ్చాడు.

"బాబు కోసం ప్రాణాలిస్తాం సార్!"

"ప్రాణాలు నేనేం చేసుకుంటానయ్యా! కుట్టండి చాలు."

ఈ తెలివికి నాకు నవ్వొస్తుంది. చీమలు లేకపోయినా బుచ్చయ్యకి ఆ సినిమాలో నిద్ర పట్టదు. ఆ ముక్క నాగరత్నాన్ని అడిగినా చెప్పేది. కానీ పెద్ద సినిమా తీసేవాళ్ళు మామూలు ఆడవాళ్ళని ఏమీ అడగరు కదా.

శుక్రవారం వచ్చింది. బుచ్చయ్య బండ మీద కూర్చున్నాడు. పేర్లు పడేసరికి మొదటి చీమ కుట్టింది. కేసరిబాబు కొండ మీంచి దూకి జూలు విదిలించేసరికి పది కుట్టాయి. బుచ్చయ్య అటు జరిగాడు, ఇటు జరిగాడు, గోక్కున్నాడు, లేచి కూర్చున్నాడు. తెర మీద హీరో, బండ మీద చీమలు. రెండిట్లో ఏది ఎక్కువ బాధో తేల్చుకోలేక ఆఖరిదాకా కళ్ళు ఇంతింత చేసుకుని చూశాడు.

కంత దగ్గర కుందేలు చెవి నొప్పెట్టేదాకా విన్నది. విశ్రాంతి అయింది, గురక లేదు. రెండో సగం వచ్చింది, గురక లేదు.

"లేదురోయ్! రాలేదురోయ్! హిట్టు!" అని గెంతింది.

క్యూ ఏటి ఒడ్డు దాకా పెరిగింది. హాలు ముందు కేసరిబాబు నిలువెత్తు బొమ్మకి కోతులు తేనెతో అభిషేకం చేశాయి. గజపతి తొండం ఊపుతూ, "ఇది వానలదాకా కదలదు" అని ప్రకటించాడు. ఆ మాట చూరులో సన్యాసికి వినబడింది. అతను ముక్కు రెక్కలో దూర్చుకుని అలాగే ఉండిపోయాడు.

లోపల రెండో సగం ఇంకా నడుస్తుండగానే బయట విజయోత్సవం మొదలైంది. అక్కడితో ఆగి ఉంటే జంబులింగం నక్కలాగే బతికిపోయేవాడు. కానీ వేదిక మీద పూలదండలు పడేసరికి అతనికి ఇంకా కావాలనిపించింది.

"ఆ బుచ్చయ్యని పట్టుకురండి. వాడి ముక్కు మాట్లాడకపోతేనే ఇంత క్యూ వచ్చింది. నోటితో కూడా చెప్పించామంటే ఏడాది ఆడుతుంది."

పక్క తలుపులోంచి గోక్కుంటూ వస్తున్న బుచ్చయ్యని నలుగురు తోడేళ్ళు వేదిక ఎక్కించారు. జంబులింగం శాలువా కప్పాడు. పంకజం మైకు పెట్టింది.

"సార్, ఈ రోజు మీరు నిద్రపోలేదు! అడవి మొత్తం మీ మాట కోసం ఎదురు చూస్తోంది. సినిమా ఎలా ఉంది సార్?"

బుచ్చయ్య జనాన్ని చూశాడు. పేరు పెట్టి పిలిచారేగానీ, ఎలా ఉందని అతన్ని జన్మలో ఎవరూ అడగలేదు.

"చెప్పమంటారా?"

"చెప్పండి సార్, మనసు విప్పి చెప్పండి!" అన్నాడు జంబులింగం.

"అయితే చెబుతాను. నిద్రపోని మాట నిజమే. బండ నిండా చీమలు. పోనీ చీమలు లేకపోయినా పట్టేది కాదులెండి. బాబు జూలు విదిలించినప్పుడల్లా పీచు రాలింది. విశ్రాంతికి సగమే మిగిలింది. ఆఖరి పోరాటంలో విలన్ ఏం చేస్తాడోనని కాదు, ఆ మిగిలింది కూడా ఊడిపోతే కుర్రాడు నలుగుర్లో ఎంత సిగ్గుపడతాడోనని గుండె దడదడలాడింది. తల్లి చచ్చిపోయిన చోట బాబు ఏడ్చాడో, దురదకి మొహం అలా పెట్టాడో తెలీలేదు. కథేమిటంటారా, మా పిల్లలు అన్నం తిననని మారాం చేసేటప్పుడు నేను చెప్పే కథ ఇంతకన్నా నయం."

పంకజం మైకు ఇంకాస్త దగ్గరికి జరిపింది. "సార్… నచ్చకపోతే నిద్రపోవాలి కదండీ?"

"అదేమిటమ్మా! నచ్చితే కదా నిద్ర పట్టేది. చిరాకేస్తే ఎలా పడుతుంది? మొన్న ‘పోచ’కి పట్టింది చూడు నిద్ర! రెండో పోచకే పడుకున్నాను. అలాంటి సినిమా నేనింతవరకూ చూడలేదు. అంటే, అదీ పూర్తిగా చూడలేదనుకోండి."

ఏటి ఒడ్డు దాకా ఉన్న క్యూ నోరు తెరిచింది. చూరులో సన్యాసి ముక్కు రెక్కలోంచి బయటికొచ్చింది.

కంత కుందేలు ముందుకొచ్చింది. "మరి ‘తలకిందుల దెయ్యం’ ఎలా ఉంది?"

"చెత్త."

"నేను ఆరుసార్లు చూశానే!"

"నీకు నచ్చిందా?"

"లేదు" అంది కుందేలు ఏడుపు మొహంతో. "అందరూ బాగుందంటే నాకే అర్థం కాలేదేమోనని మళ్ళీ మళ్ళీ వెళ్ళాను."

"నేనూ అందుకే వెళ్ళాను" అన్నాడు ఒక ముళ్ళపంది. "నేనూ" అంది ఒక ఉడత. చూస్తే ఆ సినిమాకి వచ్చిన జనమంతా అందుకే వచ్చారని తేలింది. గంటసేపటికి క్యూ ఖాళీ అయిపోయింది.

ఇంకొకడైతే తోక ముడిచేవాడు. జంబులింగం ముడవలేదు. మర్నాడు మధ్యాహ్నం రాజుగారు కుటుంబంతో వచ్చి కొడుకు సినిమా చూస్తారు. ఆలోపు జనం నోట సినిమా బాగుందనిపించాలి.

"ఇంతకాలం గురక వస్తే పోయినట్టనుకున్నాం. ఇప్పుడు గురక వస్తే హిట్టంటున్నారు. మంచిదే! గురక పెట్టిద్దాం" అన్నాడు కాకితో.

పై కొండ నుంచి డెబ్భై అడవిపందుల్ని రప్పించాడు. అడవిలో అంతకు మించిన గురక లేదు. "పేర్లు పడగానే మొదలుపెట్టండి. బాబు కనబడ్డప్పుడు ఇంకా గట్టిగా. తల్లి చచ్చిపోయినప్పుడు గుండెలు బద్దలవ్వాలి" అని చెప్పాడు. పందులు సరేనన్నాయి. వాటికి ఏ పనైనా ఒకటే.

రాజుగారికి అడవిలో మాటలు ఆలస్యంగా చేరతాయి. మంచి మాటలు వెంటనే చేరతాయి, మిగతావి మంత్రుల దగ్గరే ఆగిపోతాయి. ఆయనకి తెలిసింది పాత సంగతే. గురక అంటే సినిమా పోయినట్టు.

రాణిగారితో, కేసరిబాబుతో వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. జంబులింగం పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. దీపాలు ఆర్పారు. ‘జూలు స్టార్’ అని పేరు పడిందో లేదో, వెనక డెబ్భై ముక్కులు ఒక్కసారి లేచాయి. గుహ అదిరింది.

రాజుగారు వెనక్కి తిరిగి చూశారు. బాబు కొండ మీంచి దూకాడు. గురక రెట్టింపయింది. పైనుంచి మట్టి రాలింది.

"చూశారా ప్రభూ, జనం ఎలా ఊగిపోతున్నారో!" అన్నాడు జంబులింగం పళ్ళు ఇకిలిస్తూ.

"ఆపండి!" అని రాజుగారు గర్జించారు. సినిమా మొత్తంలో లేని గర్జన అదొక్కటే. "నా కొడుకు మొదటి సినిమాకి అడవంతా పడుకుంటే, నా పక్కన నిలబడి నవ్వుతావా?"

"ప్రభూ, ప్రభూ! ఇప్పుడు కాలం మారింది. ఇది మెచ్చుకోలు. ఎంత నచ్చితే అంత నిద్ర. బాగా నచ్చితే గాఢ నిద్ర!"

రాజుగారు కాసేపు ఆలోచించారు. పదవిలో ఉన్నవాళ్ళు ఆలోచిస్తే పక్కనున్నవాళ్ళకే ప్రమాదం.

"నాకు నిద్ర రాలేదే" అన్నారు మెల్లగా. "అంటే నా కొడుకు సినిమా నాకు నచ్చలేదంటావా?"

జంబులింగానికి అవునంటే ఒక చావు. కాదంటే ఆ డెబ్భై పందులకి ఏం సమాధానం చెప్పాలి?

అప్పుడు కేసరిబాబు లేచాడు. మెడకి కట్టిన పీచు ముడి విప్పి, మడిచి, బండ మీద పెట్టాడు.

"నాన్నగారూ, ఇది ఒకటే దురద. నాకు పెద్దయ్యాక ఎలాగూ జూలు వస్తుందన్నా వీళ్ళు వినలేదు. మీరు చూస్తే చాలని చేశాను. చూశారుగా. ఇంక దీన్ని తీసేయించండి."

రాజుగారు కొడుకు తల నిమిరారు. ఆ పూటే సినిమా తీసెయ్యమన్నారు. జంబులింగానికి శిక్ష కూడా అక్కడే వేశారు. హాలుకి సెలవు ఉన్న ప్రతి సోమవారం బుచ్చయ్య బండ మీద కూర్చుని, ఎర్రచీమలతో సహా, ‘జూలు విదిలిస్తే’ మొదటి నుంచి చివరిదాకా చూడాలి. చీమలకి విసుగు పుట్టినప్పుడు మానుకోవచ్చు. చీమలు అభిమానులు కదా, వాటికింకా విసుగు పుట్టలేదు.

మర్నాడు, ఆదివారం, మొదటాటకి ‘పోచ’ మళ్ళీ పడింది.

హాలు కిటకిటలాడింది. బయట క్యూ ఏరు దాటి అవతలి ఒడ్డుకి పోయింది. సన్యాసి చూరులో కూర్చుని ఈకలు సరిచేసుకున్నాడు. మూడేళ్ళుగా అతను ఎదురుచూసిన జనం ఇదే. దీపాలు ఆరాయి. తెర మీద గాలివాన మొదలైంది.

జనమంతా ఒక్కసారి వెనక్కి తిరిగి బుచ్చయ్యని చూశారు.

అలాగే చూస్తూ ఉండిపోయారు. పంకజం మైకు తెచ్చి అతని ముక్కు దగ్గర పెట్టింది. కుందేలు కంతకి చెవి ఆనించింది. గజపతి కూడా బయట చెవి ఒగ్గాడు. తెర మీద ముసలి పిట్ట మొదటి పోచ తెచ్చింది. హాల్లో ఒక్కడూ దాన్ని చూడలేదు.

అన్ని కళ్ళు మీదుంటే నిద్ర ఎవరికి పడుతుంది? బుచ్చయ్యకి పట్టలేదు. పట్టకపోయేసరికి, రెండో పోచ తరవాత ఏం జరుగుతుందో జీవితంలో మొదటిసారి చూశాడు. గూడు సగమయ్యాక మళ్ళీ గాలి వచ్చింది. ముసలి పిట్ట అరవలేదు, ఏడవలేదు. కింద పడ్డ పోచల్లో బాగున్నవి ఏరుకుంటూ మళ్ళీ అదే కూనిరాగం ఎత్తుకుంది. బుచ్చయ్య కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. ఇంత మంచి చోట నేనెలా పడుకున్నానురా అనుకున్నాడు.

"ఇంకా రాలేదు" అంది బయట కుందేలు.

"రాలేదట" అని క్యూలో మాట పాకింది. "నచ్చలేదన్నమాట. నాకు ముందే అనుమానం." ఏటి అవతల ఉన్నవాళ్ళు కదిలారు. తరవాత ఇవతల ఉన్నవాళ్ళు కదిలారు. గజపతి పోస్టరు వైపు తొండం చాచాడు.

బుచ్చయ్య తలెత్తి చూశాడు. చూరు అంచున సన్యాసి కనబడ్డాడు. అతను కూడా తెర చూడటం లేదు. బుచ్చయ్య ముక్కునే చూస్తున్నాడు.

తెర మీద ముసలి పిట్ట ఆఖరి పోచ ముక్కున కరిచి పైకి ఎగిరింది.

బుచ్చయ్యకి అది చూడాలని ఎంత ఉందో చెప్పలేను. ఒక్క క్షణం ఆ పిట్టని చూశాడు, ఒక్క క్షణం ఈ పిట్టని చూశాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. గురక పెట్టాడు.

మొదట దగ్గులా వచ్చింది. అబద్ధం అలవాటు లేదు పాపం. రెండోది నయం. మూడోది గుహ దాటి, క్యూ దాటి, ఏరు దాటింది.

"వచ్చిందిరోయ్! హిట్టు!" అని కుందేలు గెంతింది. పోయినవాళ్ళు పరిగెత్తుకుంటూ వెనక్కొచ్చారు. గజపతి తొండం దించాడు. హాల్లో ఉన్నవాళ్ళు నిట్టూర్చి, చప్పట్లు కొట్టి, తమకీ మంచి అభిరుచి ఉందని తెలిసేలా తలో గురకా అందుకున్నారు. ఆఖరి సీను వచ్చేసరికి ఆ హాల్లో కళ్ళు తెరిచినవాడు లేడు.

‘పోచ’ వానలదాకా ఆడింది. నెమలి కూడా రెండు ముప్పావు ఈకల సమీక్ష దిద్దుకుని మూడు చేశాడు. సన్యాసి గుహ చూరులోనే కొత్త గూడు అల్లుకున్నాడు. పుట్టింటి నుంచి చిట్టెమ్మ వచ్చింది. గూటి చుట్టూ తిరిగింది, లోపలికి దూరింది, ఒక్కొక్క పోచా ముక్కుతో లాగి చూసింది. ఒకటి వదులుగా ఉందని చెప్పి బిగించమంది. బిగించాక, "ఇప్పుడు పర్లేదు" అంది. సన్యాసి ఆ మాటకి పొంగిపోయినంతగా ఆ వందలమంది గురకలకి కూడా పొంగలేదు.

మొదటి వాన పడి హాలు మూసిన రోజు బుచ్చయ్య చూరు కింద ఆగాడు.

"సన్యాసీ, ఒక్కమాట అడుగుతాను, ఏమీ అనుకోకు. చివర్లో ఆ ముసలి పిట్ట గూడు పూర్తయిందా?"

"తమరు నిద్రపోయారు కదండీ?" అన్నాడు సన్యాసి.

"ఆఁ, నిద్రే" అన్నాడు బుచ్చయ్య నేల చూపులు చూస్తూ. "కళ్ళు మూసుకున్నాను."

సన్యాసి కిందికి దిగివచ్చి ఎలుగుబంటి భుజం మీద వాలాడు. కథ ఆఖరి భాగం, ఆ కూనిరాగంతో సహా, మొత్తం చెప్పాడు. చెప్పడం పూర్తయ్యేలోపే బుచ్చయ్య నిజంగా నిద్రపోయాడు.

ఆ గురక మాత్రం ఎవరూ వినలేదు. అడవంతా అప్పటికే ఇళ్ళలో కూర్చుని ‘పోచ’ ఎంత గొప్ప సినిమానో ఒకళ్ళకొకళ్ళు వివరంగా చెప్పుకుంటోంది.

నీతి: సినిమా ఎలా ఉందో తెలుసుకోవాలంటే తెర వైపు తప్ప ఎటైనా చూడవచ్చు.